పది గంటల పొద్దుకు పట్నమెందుకు?

మా అన్న కొడుకుకు బెంగళూరులో ఉద్యోగం. రెండు నెలలకొకసారి శుక్రవారం రాత్రి బస్సెక్కి కర్నూలు వస్తాడు. మొన్న వచ్చినప్పుడు ఎనిమిదిన్నరకు నిద్ర లేచి, ఫోను చూసుకుంటూ, "అత్తా, మన ఊర్లో పొద్దున పూట తీరిగ్గా కూచుని తినేకి ఒక్క చోటు లేదు. బ్రంచ్ తినాలంటే బెంగళూరుకో హైదరాబాదుకో పోవాల్సిందే" అన్నాడు. వాడి మీద నాకు కోపం రాలేదు. అది వాడు సొంతంగా అన్న మాట కూడా కాదు. బదిలీ మీద మా ఊరికొచ్చిన ఆఫీసర్లు అన్నారు. కడపలో మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన కోస్తా బంధువులు అన్నారు. ఇక్కడే పుట్టి పెరిగి, హైదరాబాదులో ఇల్లు కట్టుకున్నవాళ్లూ అన్నారు. సీమలో తిండంటే మధ్యాహ్నం రాగి సంగటి, నాటుకోడి పులుసు. పొద్దున పూట చెప్పుకోదగ్గది ఏదీ లేదు. ఉన్నదల్లా కారం. కరువు నేల గనుక తిండి మీద శ్రద్ధ పెట్టే తీరిక ఈ జనానికి ఏనాడూ దొరకలేదు. ఇదీ వాళ్ల వరస.

పుట్టిల్లు కర్నూలు, మెట్టినిల్లు కడప అయినదాన్ని. రెండు ఊళ్ల పొయ్యిల దగ్గరా కలిపి యాభై ఏళ్లు గడిపినదాన్ని. ఈ మాటల్లో ఒక్కటీ నిజం కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు బ్రంచ్ సంగతి చూద్దాం. ఆ మాట పుట్టింది ఇంగ్లండులో. 1895లో హంటర్స్ వీక్లీ అనే పత్రికలో గై బెరింజర్ అనే రచయిత దాని తరఫున ఒక వ్యాసమే రాశాడు. శనివారం రాత్రి పొద్దుపోయేదాకా విందులు చేసుకున్నవాళ్లు ఆదివారం పొద్దున్నే ఎట్లా లేస్తారు, లేవనక్కర్లేదు, పొద్దుటి తిండినీ మధ్యాహ్నం తిండినీ కలిపి ఒకే పూటగా తింటే సరిపోతుంది అని ఆయన వాదం. అంటే ఆ భోజనం పొద్దెక్కి లేచేవాళ్ల కోసం, ముందురోజు రాత్రి బడలిక తీర్చుకునేవాళ్ల కోసం పుట్టింది. అందులో తప్పు పట్టాల్సింది లేదు. వారమంతా కంప్యూటరు ముందు కూచునే పిల్లలు ఒక ఆదివారం ఆలస్యంగా లేస్తే నేనేం కాదనను. అయితే పొద్దెక్కాక కడుపునిండా ఒక పెద్ద తిండి తినడమనే ఊహను పట్నం దగ్గర అప్పు తెచ్చుకోవలసిన అవసరం మనకు లేదు. మన భాషలో దానికి మాట ఉంది. అంబటి పొద్దు.

అంబలి తాగే పొద్దు అంబటి పొద్దు. మా అవ్వ "అంబటేళకు వస్తా" అని చెప్పి పోతే, పది దాటినాక వస్తుందని ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలంగాణ పల్లెల్లో అంబటాళ్ల అంటారు. గడియారం లేని కాలంలో పొద్దును తిండి పేరుతో కొలుచుకున్నాం. కోడికూతకు లేచి, పేడ ఎత్తి, చేలోకి పోయి నాలుగు గంటలు గుంటక తోలో కలుపు తీసో, ఒళ్లు అలిసి ఆకలి బాగా పుట్టాక గట్టు మీద కూచుని తినే తిండి అది. ఇంటి నుంచి సద్ది గంప నెత్తిన పెట్టుకుని ఆడమనిషి వచ్చేది. మా పుట్టింటి వైపు నల్లరేగడి నేలలు గనుక గంపలో జొన్న రొట్టెలు, మధ్యలో ఎర్రకారం. మెట్టినింటి వైపు సంగటి ముద్ద, చెనిగ్గింజల ఊరుబిండి, చెంబుడు మజ్జిగ. బెరింజర్ చెప్పిన భోజనానికీ దీనికీ ఇంచుమించు వేళ ఒకటే. ఆకలి మాత్రం వేరు. ఆయన చెప్పింది ఆలస్యంగా లేచినవాళ్ల ఆకలి, ఇక్కడిది అందరికంటే ముందు లేచినవాళ్ల ఆకలి. సీమ పొద్దుటి తిండి రుచి, ఘాటు, బరువు, ధర అన్నీ ఈ ఆకలి నుంచే వచ్చాయి. అది తెలుసుకోకుండా ఈ తిండికి తీర్పు చెప్పడం అన్యాయం.

ఆ వేళ పోయి చాలా కాలమైంది కదా అంటారు. పోలేదు. ఎండాకాలంలో ఉపాధి హామీ పనికి పోయేవాళ్లు తెల్లవారుతూనే పలుగూ పారా పట్టుకుని బయల్దేరి పదకొండు లోపల తిరిగొస్తారు. మే నెలలో కర్నూలు, నంద్యాల వైపు ఎండ నలభై మూడు డిగ్రీలు దాటుతుంటే ఇంకెట్లా చేస్తారు? కర్నూలు మార్కెట్ యార్డుకు ఉల్లిగడ్డ తెచ్చిన రైతు రాత్రంతా బస్తాల మీదే కునికి, వేలం అయ్యి తూకం పడేదాకా నోట్లో నీళ్లు తప్ప ఏమీ పోసుకోడు. ఆదోని పత్తి యార్డులోనూ అంతే. మంత్రాలయం, మహానంది, అహోబిలం పోయే భక్తులు దర్శనం కాకముందు ఎంగిలి పడరు. గుడి బయటికొచ్చేసరికి పది. వీళ్లందరికీ ఆ వేళకు టీ బిస్కెట్టు చాలదు, భోజనం ఇంకా తయారుకాదు. ఆ మధ్య పొద్దుకు అన్నం పెట్టేదే మన ఊళ్ల పొద్దుటి బండి. నా లెక్కన ఈ జిల్లాల్లో అందరికంటే కష్టపడి, అందరికంటే తక్కువ మెప్పు పొందే వంట మనుషులు ఆ బండ్లవాళ్లే.

ఉగ్గాని గురించి కాస్త నిలిచి చెప్పాలి. ఎందుకంటే "అదేం తిండి, తడిపిన బొరుగులే కదా" అనే మాట నేను మరీ ఎక్కువ విన్నాను.

బొరుగులు ఊరికే రావు. వడ్లు నానబెట్టి, వేయించి, దంపి బియ్యం తీసి, ఆ బియ్యానికి ఉప్పునీళ్లు పట్టించి ఆరబెట్టి, బట్టీలో కాలే ఇసుకలో వేస్తే అవి పువ్వుల్లా విచ్చుకుంటాయి. బట్టీ ముందు నిలబడ్డ మనిషి ముఖం ఎట్లా ఉడికిపోతుందో ఒకసారి చూసినవాళ్లు బొరుగుల్ని చులకన చేయలేరు. ఆ బొరుగుల్ని ఉగ్గాని చేసేటప్పుడు నీళ్లలో ఒక్క మునక ముంచి, రెండు అరచేతుల మధ్య పిండి తీయాలి. ఒక్క క్షణం ఎక్కువైతే ముద్దైపోతుంది. తక్కువైతే గొంతులో గుచ్చుకుంటుంది. అవతల బాణలిలో నూనె, ఆవాలు, పచ్చిమిరపకాయ, ఉల్లిగడ్డ, కరివేపాకు, పసుపు. ఉల్లిగడ్డ ఎర్రబడకూడదు, మెత్తబడాలి. బొరుగులు వేసి రెండు తిప్పులు తిప్పి, పొయ్యి దించాక పప్పుల పొడి చల్లాలి. పప్పులంటే మా దగ్గర వేయించిన శెనగలు, పుట్నాలు. ఆ పొడి బొరుగుల్లో మిగిలిన తడిని పీల్చుకుని గింజ గింజకూ పట్టుకుంటుంది. దాని మీద నిమ్మకాయ, కొత్తిమీర. పక్కన అప్పుడే నూనెలోంచి తీసిన మిరపకాయ బజ్జీ రెండు. ఉగ్గాని మెత్తన, పులుపు. బజ్జీ కరకర, వేడి, ఘాటు. ఒకటి లేకుండా ఇంకొకటి తింటే సగమే తిన్నట్టు. ఇది పొదుపైన తిండి, నిజమే. కానీ ఇంత లెక్క తెలిసిన చెయ్యి పెద్ద హోటళ్ల వంటశాలల్లో కూడా అరుదు.

దాని వంశం కూడా చిన్నది కాదు. కన్నడంలో ఒగ్గరణె అంటే తిరగమోత. బళ్లారిలో ఇదే తిండిని ఆ పేరుతోనే పిలుస్తారు. నాకు ఆశ్చర్యం లేదు. 1800లో నిజాం ఇంగ్లీషువాళ్లకు వదిలేసిన దత్త మండలాల్లో బళ్లారి, కడప ఒక్క ఏలుబడి కింద ఉన్నాయి. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 దాకా బళ్లారి జిల్లావే. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజు బళ్లారి మైసూరుకు పోయింది, ఈ తాలూకాలు మనకొచ్చాయి. గీత నేల మీద పడింది. బాణలి మీద పడలేదు. ఆలూరులో పొద్దున పూట ఉగ్గాని తినే మనిషి, బళ్లారిలో ఒగ్గరణె తినే మనిషి ఒకే పంక్తిలో కూచున్నవాళ్లు. రెండు భాషలు కలిసి రెండువందల ఏళ్లు కాపురం చేసిన చోట పుట్టిన తిండిని పట్టుకుని "అదేం తిండి" అనడానికి నోరెట్లా వస్తుంది?

ఇక కారం మాట. సీమవాళ్లు కారం తప్ప ఏమీ ఎరగరని, నాలుక కాలితేనే వాళ్లకు అన్నం దిగుతుందని సినిమాలు చెప్పాయి, హోటళ్ల పేర్లు చెప్పాయి, మనమూ నమ్మాం. ఆఖరికి కొందరు దాన్ని గొప్పగా కూడా చెప్పుకుంటున్నారు. అసలు మిరపకాయే ఈ దేశపుది కాదు. పోర్చుగీసువాళ్ల ఓడల్లో అమెరికా ఖండం నుంచి వచ్చింది. చెనక్కాయ కూడా ఆ ఖండం నుంచి వచ్చిందే. అంతకుముందు కూడా ఈ నేల మీద జనం తిన్నారు, బతికారు, రుచులు ఎరిగారు. కనుక కారం మన ఆత్మ అనే మాటకు పునాది లేదు. పాతది గనుక మనది అని నేను వాదించడం లేదు. వచ్చినదాన్ని మన పొద్దుకూ మన పనికీ ఎట్లా కుదుర్చుకున్నామన్నది నా ప్రశ్న.

కడప కారం దోసె దీనికి మంచి సాక్షి. హైదరాబాదులో ఈమధ్య దాని పేరు బాగా మోగుతోంది. అక్కడ నేను తిన్న చోట పల్చటి కరకరలాడే దోసె మీద ఎండుకారం చల్లి, నెయ్యి ధారగా పోసి తెచ్చిపెట్టారు. ఒక చోట జున్నులాంటి చీజు కూడా తురిమారు. అది వాళ్లిష్టం. కానీ కడపలో దోసె మందంగా, మెత్తగా, అడుగున మాత్రం ఎర్రగా కాలి ఉంటుంది. దాని మీద పూసేది పొడి కారం కాదు, ఎర్రకారం. ఎండుమిరపకాయలు నానబెట్టి, ఎర్రగడ్డ (ఉల్లిగడ్డ), తెల్లగడ్డ (వెల్లుల్లి), ఉప్పు వేసి నూరిన ముద్ద. ఎర్రగడ్డలోని తీపి, తెల్లగడ్డ ఘాటు కలిసి మిరపకాయ మంటను సగానికి దించుతాయి. పెనం మీద ఆ ముద్ద కాస్త వేగితే పచ్చి వాసన పోయి ఒక కమ్మదనం వస్తుంది. ఆ పైన పప్పుల పొడి, ఇంత నెయ్యి. పప్పుల పొడి మంటను అణుస్తుంది, నెయ్యి పట్టి ఉంచుతుంది. పక్కన ఉర్లగడ్డ కూర, చెనిగ్గింజల చట్నీ. ఇన్ని అడ్డుకట్టలు వేసి వండినదాన్ని చూసి "కారం తప్ప ఏమీ లేదు" అంటున్నారంటే వాళ్లు రంగు చూశారు, తినలేదు. మా అత్తగారు ఎర్రకారం రోట్లో నూరేది. మిక్సీ వచ్చాక కూడా చివరి రెండు తిప్పులు రోట్లోనే. మిక్సీలో ఎర్రగడ్డ నీరు కారి కారం పులుస్తుందని ఆమె నమ్మకం. పదేళ్లు చూశాక నేనూ నమ్మాను.

ఇప్పుడు అన్నిటికంటే నాకు బాధ కలిగించే మాటకు వస్తాను. "అది పేదల తిండి. కరువు తిండి." సంగటిని, జొన్నరొట్టెను, సద్దన్నాన్ని, ఉగ్గానిని కలిపి ఒక్క దెబ్బకు ఇట్లా అనేస్తారు. మా తరం ఈ మాటకు తలదించుకుంది. బడికి సంగటి తెచ్చుకున్న పిల్ల మూత సగమే తీసి తినేది. ఆ పిల్లల్లో నేనొకదాన్ని.

కరువు సంగతి మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1866లో కరువొచ్చినప్పుడు ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి నెలల తరబడి వేలమందికి అన్నం పెట్టాడు. విక్టోరియా రాణి పేరున ఆయనకు బంగారు పతకం వచ్చింది. పదేళ్లు తిరిగేసరికి ధాత కరువు వచ్చి ఈ జిల్లాలను తుడిచిపెట్టింది. ఆ కరువుల్లో జనం సంగటి తిని చావలేదు. సంగటి దొరక్క చచ్చారు. కరువులో మనుషులు తిన్నవి అడవి దుంపలు, ఆకులు, చింతగింజలు. సంగటి పొయ్యి మీద ఉన్న రోజు పండగ రోజు. కరువును తట్టుకోవడానికి మనుషులు నమ్ముకున్న పంటనే కరువుకు గుర్తు చేసి, దాన్ని తినడం లేకితనం అని పిల్లలకు నేర్పాం. ఏటా ఆరేడువందల మిల్లీమీటర్ల వానతో నడిచే నేల మీద రాగి, కొర్ర, జొన్న పండించడం తెలివి. ఆ తెలివికి మనం సిగ్గుపడ్డాం.

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చింది. దాన్ని నేను తప్పు పట్టను. ఆకలితో పడుకున్న ఇళ్లలో అన్నం ఉడికింది. ఇక్కడ కేసీ కాలువ కింద పండే సోనా బియ్యం పేరు కూడా దూరదూరాలు పోయింది. కానీ దాంతోపాటే మెట్ట చేలల్లో రాగి, కొర్ర తగ్గి, తెల్లన్నం మర్యాదకు గుర్తయింది. నలభై ఏళ్లు తిరిగేసరికి 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అంది. వంద గ్రాముల రాగుల్లో మూడువందల నలభై మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉందని డాక్టర్లు చెప్పడం మొదలుపెట్టారు. అదే రాగి జావ పట్నం హోటల్లో గాజు గ్లాసులో వస్తే ఆరోగ్యం. మా అవ్వ ముంతలో పోస్తే పేదరికం. ఈ న్యాయం నాకు ఏ రోజూ మింగుడుపడలేదు, పడదు.

మంచిదంతా ఇంకెక్కడో ఉందనే ఈ ఆలోచనకు కర్నూలులో ఒక చరిత్ర ఉంది. 1953 అక్టోబర్ 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. డేరాల్లో ఆఫీసులు నడిచాయి. 1956 నవంబర్ 1న రాజధాని హైదరాబాదుకు పోయింది. మూడేళ్ల ముచ్చట. మా నాయన ఆ డేరాల గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారేది. అది మొదలు, వైద్యం కావాలన్నా, చదువు కావాలన్నా, మంచి చీర కావాలన్నా రెండువందల పది కిలోమీటర్ల ఆ రోడ్డు మీదకే చూడడం మాకు అలవాటైంది. కడపవాళ్లు ఎక్కువగా బెంగళూరు వైపు, మద్రాసు వైపు చూశారు. ఆస్పత్రుల విషయంలో, కాలేజీల విషయంలో ఆ చూపులో నిజం ఉంది. అక్కడ మనకు లోటు ఉంది, పోరాడి తెచ్చుకోవాలి. తిండి విషయంలో ఆ చూపు ఉత్త అలవాటు. లేని లోటును ఉందని నమ్మడం వల్ల, ఉన్న లోటు గురించి అడిగే గొంతు కూడా పలచబడుతుంది.

పట్నంలో రాయలసీమ పేరు పెట్టుకున్న హోటళ్లు చాలా ఉన్నాయి కదా, అక్కడ మన తిండి దొరుకుతోంది కదా అంటారు. మధ్యాహ్నం, రాత్రి దొరుకుతోంది. సంతోషమే. దూరాన ఉన్న పిల్లలకు ఒక ముద్ద సంగటి దొరికితే ఎవరు వద్దంటారు? కానీ ఆ హోటళ్లను చూసి మన తిండిని అంచనా వేస్తే పొద్దున పూట మొత్తం లెక్కలోంచి జారిపోతుంది. సీమ అంటే నాటుకోడి, పొట్టేలు అనే పేరు అట్లాగే స్థిరపడింది. నా చిన్నప్పుడు మా ఇంట్లో కోడి కోసింది ఏడాదికి ఆరేడు సార్లు. పండక్కో, అల్లుడొస్తేనో. మిగతా మూడువందల యాభై రోజులు మమ్మల్ని సాకింది ఈ పొద్దుటి తిండి, శెనగాకు పప్పు, ఊరుబిండి. ఏడాదికి ఆరు రోజుల తిండిని ఒక ప్రాంతానికి గుర్తుగా నిలబెట్టడం ఎట్లా సరవుతుంది?

స్టార్ హోటళ్ల ఆదివారపు బ్రంచ్‌కు నేనూ పోయాను. మా అమ్మాయి తీసుకుపోయింది. తలకు రెండువేల పైమాట. యాభై అరవై రకాలు మూతలున్న పాత్రల్లో, కింద సన్నటి సెగ మీద పెట్టి ఉన్నాయి. వడ్డించినవాళ్లు మర్యాదస్తులు. వండినవాళ్లు పనితనం తెలిసినవాళ్లే. అయినా అక్కడ నాకొక సంగతి అర్థమైంది. మూడు గంటలు పాత్రలో నిలబడగలిగే తిండికి మాత్రమే ఆ బల్ల మీద చోటు. ఉగ్గాని పావుగంట నిలవదు, బొరుగులు బిగుసుకుపోతాయి. బజ్జీ ఐదు నిమిషాలు నిలవదు. కారం దోసె పెనం మీంచి నేరుగా ఆకులోకి రావాలి. ఇవి మనిషి వచ్చినాక వండే తిండ్లు. తినేవాడు వండే ఆమె ముందు నిలబడి, "అమ్మా, కాస్త కారం తగ్గించు" అంటే ఆమె "చిన్నపిల్లకాయికా?" అని అడిగి ఎర్రకారం తగ్గించి పూస్తుంది. ఆ మాట కోసం నేను ఎన్ని కిలోమీటర్లయినా పోతాను. అదృష్టం కొద్దీ పోవలసినది అర కిలోమీటరే. ధర కూడా ముప్పై నలభై రూపాయలు. చేలో పని చేసినవాడూ, కలెక్టరాఫీసులో పని చేసేవాడూ పక్కపక్కన నిలబడి తినగల ధర. కర్నూలు పాతబస్తీలో తెల్లవారుజామున పొయ్యి దిగే పాయా కుండ దగ్గరా అంతే. అక్కడ కులం, మతం, జీతం అడగగా నేను వినలేదు.

నా అన్న కొడుకు మాటల్లో ఒక ముక్క మాత్రం నిజం. దాన్ని దాచిపెడితే నా వాదన అబద్ధమవుతుంది. వాడు "కూచుని" తినేకి చోటు లేదన్నాడు. మగవాళ్లకు అది చిన్న ఇబ్బంది. ఆడవాళ్లకు అది గోడ. పొద్దున తొమ్మిదింటికి బండి దగ్గర నిలబడి ప్లేటు చేత్తో పట్టుకుని తినే ఆడమనిషిని మన ఊళ్లలో ఎంతమంది చూశారు? బండి మీద పిండి కలిపేది ఆడమనిషే, గిన్నెలు కడిగేది ఆడమనిషే. తినేవాళ్లలో ఆడవాళ్లు లేరు. మాకు పార్సిలే గతి. ఇంటికి తెచ్చి పొట్లం విప్పేసరికి బజ్జీ మెత్తబడి, ఉగ్గాని చల్లారి ఉంటుంది. నలభై ఏళ్లు నేను ఆ చల్లారిన ఉగ్గానే తిన్నాను. మా వీధి చివర వేడిగా దొరికే తిండిని, అది వండిన చోట నిలబడి తినడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది. ఈ లోటుకు మందు బెంగళూరు బస్సు కాదు. నాలుగు బల్లలు, ఒక కుళాయి, దగ్గరలో ఒక శుభ్రమైన మరుగుదొడ్డి.

ఇవి అడగడానికి మనకు చట్టం కూడా ఉంది. 2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల చట్టం చేసింది. దాని ప్రకారం ప్రతి పట్టణంలో అమ్మకాల కమిటీ ఉండాలి, బండ్లకు చోట్లు గుర్తించాలి, చెప్పాపెట్టకుండా ఎత్తేయకూడదు. కమిటీలో నలభై శాతం మంది బండ్లవాళ్లే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. కర్నూలూ కడపా రెండూ కార్పొరేషన్లే. పార్కులకు, కూడళ్లలో ఫౌంటెన్లకు డబ్బు దొరుకుతున్నప్పుడు బండ్లు నిలిచే రోడ్డు పక్కన ఒక వరస బల్లలకూ ఒక కుళాయికీ దొరకదా? శుభ్రం గురించి మాట్లాడేవాళ్లకు కూడా నా జవాబు ఇదే. బండి దగ్గర నీళ్లు లేకపోవడం వండేవాళ్ల తప్పు కాదు. బక్కెట్టు నీళ్లతో వంద ప్లేట్లు కడగమని వాళ్లను అక్కడ నిలబెట్టింది మనం.

మొన్న ఆదివారం మావాడిని లేపి తీసుకుపోయాను. ఎక్కడికో పేరు పెట్టి చెప్పను, ప్రతి పేటలో ఒకటి ఉంటుంది. గుర్తులు చెబుతాను. పొయ్యి దగ్గర మనిషి బొరుగుల్ని ముందే తడిపి గంపలో పెట్టుకుని ఉంటే అక్కడ ఆగొద్దు. అడిగినాక తడిపే చోట ఆగండి. పక్కన పళ్లెంలో బజ్జీ మిరపకాయలు పచ్చిగా ఉన్నాయా, వేయించిన కుప్పగా ఉన్నాయా చూడండి. పచ్చిగా ఉండాలి. కడపలో అయితే పెనం పక్కన ఎర్రకారం గిన్నె మూత తీసి ఉంటుంది, వాసన మీ దాకా వస్తుంది. తెల్లగడ్డ వాసన ముందు తగిలితే సరైన చోటే.

మేం పోయిన చోట నడివయసు దంపతులు ఇద్దరే పని చేస్తారు. రెండేళ్ల కిందట వాళ్లు ఇంటి అరుగు మీద రెండు చెక్కబల్లలు వేశారు. ఎండ తగలకుండా పైన గోనెపట్టా కట్టారు. అంతే చేశారు. ఆ రోజు మేం పోయేసరికి ఒక బల్ల మీద ఐదుగురు ఆడవాళ్లు కూచుని ఉన్నారు. అందులో ఇద్దరు పక్కన కట్టే మేడ పనికి వచ్చినవాళ్లు, చీర కుచ్చెళ్ల దాకా సిమెంటు. ఇంకో ముగ్గురు గుడికి పోయి వస్తూ ఆగినవాళ్లు, కొబ్బరిచిప్పల సంచి పక్కన పెట్టుకున్నారు. వాళ్లు కాస్త జరిగి నాకు చోటిచ్చారు. మావాడు నిలబడే తిన్నాడు. పది గంటలకు పోతే ఆ బల్ల మీద చోటు దొరకదు. తొమ్మిదిన్నరకే పోండి.